నాలుగు చక్రాలూ లాగే సెడాన్: కర్నూలు, అనంతపురం, కడప వాళ్ళు ఏది ఎంచుకోవాలి?

ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న సెడాన్ కొంటానంటే మన వైపు ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఆ డబ్బుకు ఫార్చ్యూనర్ రాదా?" వస్తుంది. పొలం దాకా, క్వారీ లోపలి దాకా రోజూ వెళ్ళే పని ఉంటే ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోరే కొనండి. లో రేంజ్ గేరు, అంటే నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే గేరు ఉన్న బండి చేసే పని ఏ సెడానూ చేయలేదు, ఆ విషయంలో వాదన అక్కర్లేదు.

ఇది మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. నెలలో నాలుగైదుసార్లు హైదరాబాదో బెంగళూరో పోయి వచ్చేవాళ్ళున్నారు. ఎత్తు బండిలో మలుపు తిరిగినప్పుడల్లా వెనక సీట్లో అమ్మానాన్నలు అటూ ఇటూ ఊగిపోవడం చూడలేనివాళ్ళున్నారు. కిందికి కూర్చుని నడిపే కారంటేనే ఇష్టపడేవాళ్ళున్నారు. కానీ వానాకాలంలో సొంతూరి దారి గుర్తొచ్చేసరికి వెనకాడతారు. అలాంటివాళ్ళు ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్ వైపు చూడటంలో తప్పేమీ లేదు. అయితే మన దేశంలో ఈ రకం కార్లు చాలా తక్కువ వచ్చాయి, వచ్చినవాటిలోనూ ఒకదానికొకటి పోలికే ఉండదు. అందుకే పేరు చూసి కొంటే చేతిచమురు వదులుతుంది.

## ముందు తేల్చుకోవాల్సింది: నేల కోసమా, బలం కోసమా?

ఈ ఏర్పాటు రెండు అవసరాలకు పనికొస్తుంది. ఒకటి, జారే నేల మీద బండి కదలడానికి. రెండోది, ఇంజను బలం రెండు చక్రాలు మోయలేనంత ఎక్కువైనప్పుడు దాన్ని నాలుగింటికీ పంచడానికి. ప్రకటనల్లో ఈ రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. కొనేవాళ్ళు మాత్రం విడదీసి చూసుకోవాలి. ఇక్కడ దొరికే ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్లలో ఎక్కువ వాటికి ఆ ఏర్పాటు ఉన్నది రెండో అవసరం కోసమే.

ముందు నేల సంగతి. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కల్యాణదుర్గం, కదిరి వైపు ఎర్రనేలల్లో వాన వెలిసిన కాసేపటికే దారి గట్టిపడుతుంది. అక్కడ మామూలు కారుకు మంచి టైర్లుంటే చాలు. ఆదోని, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి వైపు నల్లరేగడి దారులు అలా కాదు. తడిసిన రేగడి టైరును వదలదు. నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు గాట్లన్నీ మట్టితో పూడిపోతాయి, పైన పలకలాగా నున్నగా తయారవుతుంది. ఆ తర్వాత రెండు చక్రాలు తిరిగినా నాలుగు తిరిగినా బండి ఉన్నచోటే లోతుకు దిగుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్ ఆదుకునేది చిన్న చిన్న ముక్కల్లోనే: తారురోడ్డు దిగి ఇంటి దాకా ఉన్న యాభై గజాల బురద, చప్టా దాటాక ఉండే జారుడు ఎగువ, పెళ్ళి పందిరి పక్కన పార్కింగుకు ఇచ్చిన దుక్కి నేల. అక్కడ వెనక చక్రాలు కూడా కాస్త ఊతమిస్తే బండి బయటపడుతుంది.

వంక పారుతున్నప్పుడు చప్టా మీదికి దిగడానికి ఏ డ్రైవూ మీకు ధైర్యం ఇవ్వకూడదు. మోకాలి లోతు లేకపోయినా పారే నీరు కారును పక్కకు తోసేస్తుంది. కారు ఎంత ఖరీదైనదైనా అంతే.

ఇంకోటి, బండి కదలడానికి నాలుగు చక్రాల డ్రైవు సాయపడుతుంది గానీ ఆపడానికి సాయపడదు. బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ ఉంటాయి. గువ్వలచెరువు ఘాటులో వాన పడుతుండగా లారీల వెనక దిగేటప్పుడు మిమ్మల్ని కాపాడేవి టైర్లు, మీ వేగం, ముందు బండితో మీరు పాటించే దూరం. ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా అన్న నమ్మకంతో అక్కడ పది కిలోమీటర్ల వేగం ఎక్కువ పెడితే ఉన్న మేలు కూడా పోతుంది.

బలం సంగతికి వస్తే లెక్క తేలిక. 500 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఒక్కసారిగా వచ్చే కారుకు రెండు చక్రాలే లాగితే తడి రోడ్డు మీద చక్రాలు గిర్రున తిరుగుతాయి, ఎలక్ట్రానిక్స్ బలాన్ని కోసేస్తాయి. నాలుగింటికీ పంచితే ఆ బలం రోడ్డుకు చేరుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీని దాటేటప్పుడు, టోల్‌గేటు దాటి వేగం అందుకునేటప్పుడు తేడా చేతికి తెలుస్తుంది.

## మిగతా కొలతలు

నేలకూ కారు అడుగుకూ మధ్య ఎడం మనకు చాలా పెద్ద విషయం, నా దృష్టిలో డ్రైవు రకం కంటే పెద్దది. పల్లెల్లో స్పీడ్ బ్రేకర్లకు ఒక కొలత అంటూ ఉండదు, ఎవరి ఇంటిముందు వాళ్ళకు తోచినంత ఎత్తు పోసేస్తారు. నాపరాళ్ళ లారీలు తిరిగే దారుల్లో రెండు గాడులు పడి మధ్యలో మట్టి గుట్టలా లేస్తుంది. కింద తగిలే సెడాన్‌కు నాలుగు చక్రాల డ్రైవు ఉన్నా అడుగు ఆనుకుని చక్రాలు గాల్లో తిరుగుతాయి.

రెండోది టైర్లు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి దారుల్లో లారీల మీంచి జారిన నాపరాతి పెచ్చులు రోడ్డు అంచున పడి ఉంటాయి. సన్నటి పక్కగోడ ఉన్న టైరు వాటి మీద ఎక్కితే కోసుకుపోతుంది. మామూలు కారుకైతే ఒక టైరు మార్చి దులుపుకుంటాం. ఆల్ వీల్ డ్రైవ్‌లో అలా కుదరదు. ఒక టైరు కొత్తది, మూడు అరిగినవి అయితే చుట్టుకొలతలు తేడా వచ్చి, ముందు ఇరుసూ వెనక ఇరుసూ రోజంతా ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. చివరికి మధ్యలో ఉన్న క్లచ్చో గేరుపెట్టెనో మాడుతుంది. అందుకే ఈ కార్లలో టైర్లు నాలుగూ ఒకేసారి, ఒకే కంపెనీ, ఒకే రకం. ఏడాది ఖర్చు లెక్కవేసేటప్పుడు దీన్ని మొదటి వరసలో రాసుకోండి.

మూడోది వర్క్‌షాపు దూరం. కర్నూలు నుంచి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు, అనంతపురం నుంచి బెంగళూరు దాదాపు అంతే, కడప నుంచి చెన్నై సుమారు 260. ఈ కార్లకు అసలైన సర్వీసు అంత దూరం వెళ్తే గానీ నమ్మకంగా దొరకదు. ఏడాదికి ఒకసారి సర్వీసుకు పోవడం ఎవరికైనా అయ్యే పనే. దారిలో ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించి పంపాలి, అదీ అసలు చిక్కు. ఈ రకం కారును ముందు చక్రాలు పైకెత్తి వెనక చక్రాలు రోడ్డు మీద ఈడ్చుకుంటూ తీసుకుపోకూడదు. ఊళ్ళో ఉండే లాగుడు బండ్లవాళ్ళు అలాగే కట్టబోతారు. ఆ పూట మీరు పక్కన లేకపోతే నష్టం పెద్దది.

## నాలుగు కార్లు ఒకచోట

క్వాట్రో, ఎక్స్‌డ్రైవ్, 4మ్యాటిక్ అన్నవి ఆయా కంపెనీలు తమ ఆల్ వీల్ డ్రైవ్‌కు పెట్టుకున్న పేర్లు.

| కారు | చక్రాలకు బలం చేరే తీరు | బలం | దొరికేది | మన రోడ్లకు |
|---|---|---|---|---|
| వోల్వో ఎస్60 క్రాస్ కంట్రీ | మామూలుగా ముందు చక్రాలు, అవసరమైతే క్లచ్ ద్వారా వెనకకు | 2.4 లీటర్ల డీజిల్, 190 హార్స్‌పవర్, 420 న్యూటన్ మీటర్లు | పాతది మాత్రమే | 201 మిల్లీమీటర్ల ఎడం, నేల కోసం |
| ఆడి ఏ6 3.0 టీడీఐ క్వాట్రో | ఎప్పుడూ నాలుగు చక్రాలూ, గేర్ల డిఫరెన్షియల్ (బలం పంచే పెట్టె) | 3 లీటర్ల వీ6 డీజిల్, 245 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్లు | పాతది మాత్రమే | దూర ప్రయాణం కోసం |
| బీఎండబ్ల్యూ ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్ | మామూలుగా వెనక చక్రాలు ఎక్కువ, క్లచ్ ద్వారా ముందుకు | 3 లీటర్ల పెట్రోల్, 2021 మోడల్‌కు 387 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్లు | కొత్తది, పాతది | బలం కోసం |
| బీవైడీ సీల్ పెర్ఫార్మెన్స్ | ముందొక మోటారు, వెనకొక మోటారు | 530 హార్స్‌పవర్, 670 న్యూటన్ మీటర్లు | కొత్తది | బలం కోసం, ఇంట్లో ఛార్జింగు ఉంటేనే |

మెర్సిడెస్ ఏఎంజీ ఏ35 సెడాన్ కూడా 2021లో వచ్చింది, 4మ్యాటిక్ ఉంది, 306 హార్స్‌పవర్. కుటుంబానికి వెనక సీటు ఇరుకు. ఎం340ఐ ఉండగా దాన్ని ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు.

## వోల్వో ఎస్60 క్రాస్ కంట్రీ

నాలుగింటిలో నిజంగా నేలను దృష్టిలో పెట్టుకుని చేసినది ఇదొక్కటే. మామూలు ఎస్60 సెడాన్‌ను 65 మిల్లీమీటర్లు పైకి లేపి, చక్రాల చుట్టూ నల్లటి ప్లాస్టిక్ అంచులు వేసి, 2016లో 38.9 లక్షల ఎక్స్‌షోరూం ధరకు ఇక్కడ అమ్మారు. ఎత్తు పెంచిన సెడాన్ అనే ఆలోచన మన దేశంలో జనానికి ఎక్కలేదు. ఆ డబ్బు పెట్టేవాళ్ళు ఎస్‌యూవీ కొనుక్కున్నారు. అందుకే రోడ్డు మీద దీన్ని చూడటమే గగనం. నా లెక్కలో మాత్రం ఆదోని నుంచి జమ్మలమడుగు దాకా రేగడి మీద బతికే కుటుంబానికి ఇంతకంటే సరిపడే సెడాన్ రాలేదు. 201 మిల్లీమీటర్ల ఎడం అంటే పల్లె స్పీడ్ బ్రేకర్ల ముందు ఊపిరి బిగబట్టాల్సిన పని లేదు. టైరు పక్కగోడ మందంగా ఉంటుంది, రాతి పెచ్చులకు కాస్త ఓర్చుకుంటుంది. సీట్లు దూరప్రయాణానికి చాలా మంచివి, నడుంనొప్పి ఉన్న పెద్దవాళ్ళను కూర్చోబెట్టి చూడండి.

ఐదు సిలిండర్ల డీజిల్ ఇంజను శబ్దం కాస్త బరువుగా ఉంటుంది, వేగం అందుకోవడంలో హడావుడి ఉండదు. ఎత్తు పెంచారు కాబట్టి మలుపులో మామూలు ఎస్60 కంటే కొంచెం ఒరుగుతుంది, అయినా ఏ ఎస్‌యూవీతో పోల్చినా తక్కువే. వెనక సీట్లో కాళ్ళకు చోటు ఈ ధర కార్లలో తక్కువ. ఆరడుగుల మనిషి వెనక కూర్చుంటే మోకాళ్ళు ముందు సీటుకు తగులుతాయి.

జాగ్రత్త పడాల్సింది వెనక చక్రాలకు బలం పంపే హాల్డెక్స్ కప్లింగు దగ్గర. దానికి సొంతంగా నూనె, చిన్న పంపు ఉంటాయి. నూనె వేళకు మార్చకపోతే పంపు జల్లెడ మూసుకుపోయి పంపు పాడవుతుంది. పాడైనా కారు మామూలుగానే నడుస్తుంది, ముందు చక్రాలు లాగుతూనే ఉంటాయి. అందుకే యజమానికి కూడా తెలియకుండా ఏళ్ళు గడిచిపోవచ్చు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

## ఆడి ఏ6, ఏ4 క్వాట్రో

ఆడి అన్నదల్లా క్వాట్రో కాదు, ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి. మన దేశంలో అమ్ముడైన ఏ4, ఏ6లలో రెండు లీటర్ల డీజిల్ కార్లు ఎక్కువగా ముందు చక్రాలు లాగేవే. క్వాట్రో కావాలంటే 3.0 టీడీఐ వెతకాలి. అమ్మేవాళ్ళు వెనక డిక్కీ మీద క్వాట్రో బొమ్మ అంటించి ఉంచినా నమ్మకండి. లిఫ్టు మీద ఎక్కించి కిందినుంచి చూడండి: గేరుపెట్టె నుంచి వెనక్కి పొడుగ్గా తిరిగే షాఫ్టు, వెనక ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ గుండు కనబడాలి.

దొరికితే మాత్రం ఇది దూరాలకు పుట్టిన కారు. ఇందులో నాలుగు చక్రాలకు బలం పంచేది గేర్లతో పనిచేసే డిఫరెన్షియల్. క్లచ్ కలిసేదాకా ఆగడం ఉండదు, ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. వానలో అనంతపురం నుంచి పెనుకొండ దాటి బెంగళూరు వెళ్ళేటప్పుడు స్టీరింగు చేతిలో కదలకుండా నిలబడుతుంది. వీ6 డీజిల్ నునుపు గురించి ఎంత చెప్పినా తక్కువే.

చిక్కు వయసులో ఉంది. ఈ కార్లు పదేళ్ళు దాటినవి, కొన్ని పదిహేనుకు దగ్గరపడ్డాయి. ఏడు గేర్ల ఎస్ ట్రానిక్ పెట్టెలో గేర్లు మార్చే మెకట్రానిక్ భాగం చెడితే బిల్లు లక్షల్లో ఉంటుంది. ఇన్నేళ్ళ తర్వాత తక్కువ ధరకు వస్తుంది కదా అని కొనేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది, కారు ధర తగ్గుతుంది గానీ విడిభాగాల ధర తగ్గదు. హైదరాబాదులోనో బెంగళూరులోనో నమ్మకమైన మెకానిక్ ముందే తెలిసి ఉంటే తప్ప దీని జోలికి వెళ్ళొద్దని నా సలహా.

## బీఎండబ్ల్యూ ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్

2021 మార్చిలో 62.9 లక్షల ఎక్స్‌షోరూం ధరతో వచ్చింది, చెన్నై ప్లాంటులోనే బిగించారు. వరసగా ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజను, నిలబడిన చోటినుంచి వందకు 4.4 సెకన్లని కంపెనీ లెక్క. ఇంత వేగం ఉన్నా ఊళ్ళో తీరుగా నడుస్తుంది, పదిమంది తిరిగి చూసేంత అరుపులు లేవు. నాకు ఈ కారు మీద మక్కువ ఎక్కువని దాచుకోను. నడపడమంటే ఇష్టమున్నవాళ్ళకు కొత్తగా దొరికే సెడాన్లలో ఈ ధరలో దీనికి సాటి లేదు.

అయితే ఎక్స్‌డ్రైవ్ చూసి దీన్ని పల్లెదారి కారనుకోవద్దు. నేలకు దగ్గరగా ఉంటుంది, టైరు పక్కగోడలు సన్నం. దీని ఆల్ వీల్ డ్రైవ్ ఆ ఇంజను బలాన్ని రోడ్డుకు చేర్చడానికే. కర్నూలు నుంచి హైదరాబాదుకు నాలుగు వరుసల రోడ్డు మీద పోయి వచ్చేవాళ్ళకు ఇది పండగ. కోయిలకుంట్ల దాటి లోపలికి పది కిలోమీటర్లు వెళ్ళాల్సినవాళ్ళకు రోజూ పరీక్షే.

పెట్రోల్ విషయం కూడా చూసుకోండి. ఇలాంటి ఇంజనుకు 95 ఆక్టేన్ పెట్రోల్ పోయడం మంచిది. మీ ఊరి బంకుల్లో అది నికరంగా దొరుకుతుందో కనుక్కోండి. ఇంధనం మూత లోపల ఇథనాల్ ఎంతదాకా సరిపడుతుందో రాసి ఉంటుంది, పాత కారైతే అది తప్పక చదవండి.

## బీవైడీ సీల్ పెర్ఫార్మెన్స్

2024 మార్చిలో 53 లక్షలకు వచ్చింది. 82.56 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, వందకు 3.8 సెకన్లు, ఒకసారి ఛార్జి చేస్తే 580 కిలోమీటర్లని కంపెనీ మాట. ఏప్రిల్ ఎండలో ఏసీ వేసుకుని హైవే మీద వంద వేగంతో పోతే 400కు కాస్త అటూ ఇటూ అనుకుని ప్రయాణం వేసుకోండి. కర్నూలు నుంచి హైదరాబాదు పోయి రావడానికి అక్కడ ఒకసారి ఛార్జింగు పెట్టుకుంటే దిగులు ఉండదు. 7 కిలోవాట్ల ఛార్జరుతో ఇంట్లో ఖాళీ బ్యాటరీ నిండటానికి పన్నెండు గంటల పైమాటే. విద్యుత్ శాఖ దగ్గర ఇంటి లోడు పెంచుకోవాలా అన్నది కారు బుక్ చేయకముందే తేల్చుకోవాలి. ఇంటి మీద సోలార్ ఉన్నవాళ్ళకు మన ఎండ వరం.

ముందు, వెనక మోటార్లకు మధ్య షాఫ్టు లేదు, క్లచ్ లేదు. ఏ ఇరుసుకు ఎంత బలమన్నది కంప్యూటరు క్షణంలో నిర్ణయిస్తుంది. జారే చోట కదలడంలో దీనికున్న నైపుణ్యం మిగతా మూడింటికి లేదు. కానీ బరువు 2 టన్నుల పైన, అడుగున బ్యాటరీ పరుచుకుని ఉంటుంది, నేలకు బాగా దగ్గర. ఎత్తైన స్పీడ్ బ్రేకరుకు తగిలేది ఆ బ్యాటరీ పెట్టే. ఇన్సూరెన్సులో బ్యాటరీకి విడిగా కవరు ఉందో లేదో చూసుకోకుండా ఈ కారును షోరూం బయటికి తేవద్దు. స్పేర్ చక్రం సంగతి కూడా అడగండి. పంక్చరు కిట్టు మాత్రమే ఇస్తే, కోసుకుపోయిన పక్కగోడకు అది ఎందుకూ పనికిరాదు.

## టెస్ట్ డ్రైవ్ మీ రోడ్డు మీద చేయండి

జూబ్లీహిల్స్‌లో పదిహేను నిమిషాలు తిప్పి తాళాలు చేతిలో పెడితే తెలిసేది సీటు మెత్తదనం, పాటల పెట్టె మోత. కొత్త కారైతే టెస్ట్ డ్రైవ్ బండిని మీ ఊరికి పంపమని అడగండి. ఈ ధర కార్లకు చాలాసార్లు పంపుతారు. కర్నూలు వాళ్ళు ఓర్వకల్లు దాకా పెద్దరోడ్డు మీద పోయి, అక్కడ పక్క పల్లెదారికి దిగండి. అనంతపురం వాళ్ళకు తాడిపత్రి రోడ్డు ఉంది, ఎగుడుదిగుళ్ళూ లారీలూ రెండూ దొరుకుతాయి. కడప వాళ్ళు గువ్వలచెరువు ఘాటు ఎక్కి, పైన పాలకోవా తిని, దిగి రండి. దిగేటప్పుడే బ్రేకుల సంగతి, ఇంజను బండిని ఎంతవరకు పట్టి ఉంచుతుందన్న సంగతి తెలుస్తాయి. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి. వెనక ముగ్గుర్ని కూర్చోబెట్టి, డిక్కీలో సామాను వేసి చూడండి. ఖాళీ కారు దాటిన స్పీడ్ బ్రేకరును నిండు కారు దాటకపోవచ్చు.

పాత కారుకు రెండు పరీక్షలు తప్పనిసరి. మొదటిది సిమెంటు నేల మీద. మార్కెట్ యార్డు ఖాళీగా ఉన్న పూట అంత మంచి చోటు ఇంకోటి లేదు. స్టీరింగు చివరిదాకా తిప్పి, నడక వేగంతో రెండు గుండ్రాలు కొట్టండి, కిటికీలు దించి వినండి. బండి సాఫీగా తిరగాలి. ఎవరో వెనకనుంచి పట్టి లాగుతున్నట్టు కుదుపులు కుదుపులుగా కదిలినా, కింద గుడగుడలాడినా కప్లింగులోనో ట్రాన్స్‌ఫర్ పెట్టెలోనో (రెండు ఇరుసులకూ బలం పంచేది) తేడా ఉంది, లేదా టైర్లు జతకావు. టక్‌టక్‌మని తాళం వేసినట్టు వినిపిస్తే అది ఇరుసు జాయింట్ల అరుగుదల.

రెండోది గులకరాళ్ళ మీద. ముందు చక్రాలు వదులు కంకరలో ఉండేలా, వెనక చక్రాలు గట్టినేల మీద ఉండేలా ఆపండి. తోడొచ్చినవాణ్ణి కారుకు పక్కగా, దూరంగా నిలబడి చూడమనండి. చురుగ్గా కదిలించండి. ముందు చక్రాలు కాస్త జారిన వెంటనే వెనక చక్రాలు అందుకుని బండిని తోయాలి. ముందు చక్రాలే గిర్రున తిరిగి రాళ్ళు చిమ్ముతుంటే ఆ కారులో ఆల్ వీల్ డ్రైవ్ పేరుకే ఉంది. వోల్వోకు ఈ పరీక్ష ప్రాణం.

టైర్ల దగ్గర అమ్మేవాడితో మాట ఇలా ఉంటుంది:

"అన్నా, మూడు టైర్లు ఒక కంపెనీవి, ఇదొక్కటి వేరేది పెట్టినావే?"

"సైజు ఒకటే కద సార్. ఏం కాదు."

అవుతుంది. ఒక టైరు వేరే కంపెనీది, గాటు లోతు కూడా ఎక్కువ అని కనబడితే ఆ కారు అలా ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగిందో అడగండి. నాలుగు టైర్ల ధర తగ్గించమనడంతో సరిపెట్టుకోకుండా, కప్లింగు నూనె తీయించి చూపించమనండి. నల్లగా, మాడిన వాసనతో వస్తే బేరం మానుకోండి.

## ఎవరికి ఏది

రేగడి ఊళ్ళో ఇల్లు, పట్నంలో పని అయితే: వోల్వో, సర్వీసు చరిత్ర పూర్తిగా ఉన్నదే. దొరక్కపోతే తొందరపడి వేరేది కొనకుండా కొన్ని నెలలు ఆగడం మంచిది. ఈ అవసరానికి మిగతా మూడూ సరిపోవు.

కర్నూలు, అనంతపురం పట్టణాల్లోనే ఉంటూ వారం వారం పెద్ద నగరానికి వెళ్ళే డాక్టర్లు, వ్యాపారులకు ఎం340ఐ గానీ సీల్ గానీ. ఇంట్లో సొంత పార్కింగు, ఛార్జరు పెట్టుకునే వీలుంటే సీల్ నడిపే ఖర్చు చాలా తక్కువ. అపార్టుమెంటులో ఉంటూ ఛార్జింగుకు వాచ్‌మన్‌ను బతిమాలాల్సిన పరిస్థితి ఉంటే ఎం340ఐ మేలు. నాకే ఎంచుకోమంటే, ఐదేళ్ళు దాటి ఉంచుకునే కారుగా ఎం340ఐ తీసుకుంటాను.

తిరుమల, శ్రీశైలం వెళ్ళిరావడానికి, పిల్లల దగ్గరికి వెళ్ళడానికి కారు కావాలనుకునే రిటైరైనవాళ్ళకు ఈ నాలుగింటిలో ఏదీ అవసరం లేదు. రెండు చక్రాలు లాగే మంచి పెద్ద సెడాన్, ఏటా వానలకు ముందు టైర్లు చూపించుకోవడం, ఇవి చాలు. మిగిలిన డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

నాపరాయి, గ్రానైట్ వ్యాపారం ఉండి క్వారీ లోపలికి రోజూ వెళ్ళేవాళ్ళకు మొదట్లోనే చెప్పాను.

## కాగితాలు, ఇంకొన్ని జాగ్రత్తలు

తెలంగాణ, కర్ణాటక బండి కొంటే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), పేరు మార్పుకు ఫారం 29, 30, లోను తీరిన కారైతే ఫారం 35 చేతికి రావాలి. మన దగ్గర కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు ఎంతో మన ఆర్టీవో ఆఫీసులో కనుక్కుని, ఆ మొత్తాన్ని బేరంలోకి తీసుకోండి. చాలామంది ఇది తర్వాత తెలుసుకుని బాధపడతారు.

ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ కార్ల మీద పెట్టిన ఆంక్షల వల్ల అక్కడి క్వాట్రోలు, వోల్వోలు చవగ్గా దక్షిణానికి వచ్చాయి. చవకని ఎగబడకుండా, ఆ వయసు డీజిల్ కారుకు మన దగ్గర ఇంకెన్నేళ్ళు రిజిస్ట్రేషన్ మిగిలిందో ఆర్‌సీలో చూసుకోండి. 2015 డిసెంబరు చెన్నై వరదల్లో, 2020 అక్టోబరు హైదరాబాదు వానల్లో మునిగిన కార్లు చాలా చేతులు మారాయి. సీటు బెల్టును చివరిదాకా లాగితే నీటి మరక గీత కనబడుతుంది, సీటు కింది పట్టాల తుప్పు, కార్పెట్ కింద ఒండ్రు చూడండి. లిఫ్టు మీద కింది భాగం చూడటం, సిమెంటు నేల పరీక్ష, కంకర పరీక్ష మూడూ అయ్యాకే అడ్వాన్సు ఇవ్వండి. ఈ మూడింటికి ఒప్పుకోని అమ్మకందారుతో బేరం అక్కడితో ఆపేయొచ్చు.